ఫ్యాషన్ పండు

చిక్కడపల్లిలో మా కిరాయి ఇంటి గోడ మీదికి పక్కింటామె ఒక తీగ పాకించింది. దాని ఊదారంగు కాయలు ముడతలు పడితే పండినట్టు. పేరడిగితే ప్యాషన్ ఫ్రూట్ అంది. మాకు ఫ్యాషన్ అని వినబడింది. అప్పటికి నాకు అక్షరాలు రావు, తేడా తెలియదు.

మా అత్తమ్మ భగ్గుమంది. "ఫ్యాషన్ పండా? గది తింటే కోడండ్లు మాట వింటరా? రేపే తీగ పీకేపిస్త."

నాకేమో ఆ పులుపు మీద మనసు పడింది. మధ్యాహ్నం పండ్లు కోసి, గుజ్జును గింజలతో సహా తీసి, చక్కెర, చిటికెడు ఉప్పు, కుండలోని చల్లటి నీళ్లు కలిపాను. నల్లటి గింజలు తేలాయి.

"ఏందే ఇది?"

"సబ్జా శర్బత్, అత్తమ్మా."

గటగటా తాగింది. "సబ్జా గింజలు గింత కరకరమంటయా? పుల్లపుల్లగ మస్తుంది. ఇంకింత పొయ్యి."

రెండో గ్లాసు సగమయ్యాక చెప్పాను. "మీరు పీకేపిస్తనన్న తీగదే అత్తమ్మా."

ఆమె గ్లాసు కింద పెట్టలేదు. కొంగు సర్దుకుని, "ముసలిదాన్ని, నాకేం ఫ్యాషన్ అంటుకుంటదిలే. తీగ ఉండనియ్. నువ్వు మాత్రం తాగకు" అంది.

నా గ్లాసు అప్పటికే వంటింట్లో ఖాళీ అయింది.