నా జ్వరానికి ముహూర్తం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, శివరాత్రికి శ్రీశైలం వెళ్లాలంటే కలరా సూది వేయించుకున్న చీటీ ఉండాలి. మా ఆయన పది రోజుల ముందే మార్కాపురంలో వేయించుకుని, జ్వరమంటూ రెండు రోజులు మంచం దిగలేదు. గంజి కాచి పోసింది నేనే. నాకూ అప్పుడే వేయించమంటే, "నువ్వు పడుకుంటే గొడ్లను ఎవురు చూస్తారు? పోయేనాడు ఏపిస్తాలే" అన్నాడు. అన్నట్టే వేయించాడు.

దోర్నాల దాటి అడవిలో నడుస్తుంటే నా చెయ్యి వాచి, ఒళ్లు కాలిపోయింది. చంకలో బిడ్డ. దారి పక్కన కూర్చున్నాను.

"ఇంతమాత్రానికే కూలబడితే ఎట్లనే?" అన్నాడు.

బిడ్డను ఆయన చేతిలో పెట్టి, "రెండు రోజులు లేవను. గంజి కాచు" అని పడుకున్నాను. యాత్రికులంతా చూస్తుండగా మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాడు.

జ్వరం రావడానికైనా ఆడదానికి ఇంటి పనులు తీరాలా? ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ గంజిలో ఉప్పు కూడా లేదు.