మచ్చ మిగలని పుండు

మా సైన్స్ టీచరక్క మంగళవారం పొద్దున పోయింది. ఆమె చెల్లెలు ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. నాకది నెలసరి రెండో రోజు. మా ఇంట్లో ఆ మూడు రోజులూ పెరటి వసారాలో చాప మీదే ఉండాలి. ఇక చావు ఇంటికి పోవడమన్న మాటే లేదు.

"తీట్టు నాళ్ళు, మైల. గడప దాటవద్దు. నాలుగో నాడు పోయి చూసుకో," అంది అమ్మ.

నాలుగో నాటికి ఎవరిని చూసేది?

తమిళనాట రాజపాళయంలో మాది బ్యాండేజి గుడ్డ నేసే ఇల్లు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు మగ్గాన్నీ గుడ్డనూ తాకరు. ప్లస్ టూలో నేను నెలనెలా బడి మానేస్తుంటే ఒకసారి టీచరక్క టౌన్ బస్సు దిగి నేరుగా మా పెరట్లోకి వచ్చింది. మా ఎవరి పేరూ ఆమెకు గుర్తుండేది కాదు, అందరమూ 'పాపా'లమే. అమ్మ వద్దు వద్దంటున్నా నా చాప మీదే కూర్చుని, గుడ్డ కట్ట ఒకటి లాగి నా ఒళ్ళో పెట్టింది.

"రత్తం తుడిచే గుడ్డకు రత్తమంటే తీట్టా? ఇదేమి న్యాయమమ్మా?" అని అమ్మను అడిగింది. అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

తర్వాత తన ముంజేతి మీద మచ్చ చూపించింది. ల్యాబులో స్పిరిట్ దీపం కాల్చిన మచ్చ. "పదేండ్లయినా ఇది పోలేదు పాపా. నీ గర్భసంచి లోపల నెలనెలా ఎంత పుండో! అయినా మచ్చ పడదు. ఎందుకో తెలుసునా?"

హార్మోను తగ్గగానే లోపలి పొర నుంచి కబురు వెళ్తుందట. తెల్ల కణాలు వస్తాయి. కొన్ని పాత పొరను విడదీస్తాయి, కొన్ని ఆ ముక్కల్ని తినేసి చోటు శుభ్రం చేస్తాయి, కొత్త పొర కట్టమని మళ్ళీ కబురు పంపుతాయి. "చెడ్డ రత్తం కాదు పాపా. అక్కడ జరిగేది పని," అంది. మరుసటి నెల నేను బడి మానలేదు. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆమె పోయిన ఆ మంగళవారం చాప చుట్టి గోడకు ఆనించాను. అమ్మ చూసింది, అడ్డు రాలేదు.

టీచరక్కను వాళ్ళింట్లో ముందు గదిలో పడుకోబెట్టారు. దగ్గరికి పోయి కూర్చున్నాను. చీర చెంగు కింద నుంచి ముంజేయి బయటికి ఉంది. ఆ మచ్చ మీద నా అరచెయ్యి ఆనించాను. చాలాసేపటికి నా పక్కన ఎవరో కూర్చున్నారు. తిరిగి చూస్తే అమ్మ, నన్ను ఆనుకుని.