దడి పక్కన పెరుగన్నం

మొన్న శనివారం పక్కింటి కుక్క నలుగురిలో నన్నెలా పట్టించేసిందో చెబుతాను, నవ్వుకోండి!

ఈ పరాయి దేశంలో, టార్నీట్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నానుగా. పొద్దున్నే అమ్మాయి హాస్పిటల్‌కి, మనవరాలు మేఘన యూనీకి, అదే యూనివర్సిటీకి, వెళ్ళిపోతారు. అల్లుడుగారు ఇంట్లోనే ఉంటారు గానీ, తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులు. ఇక నాకు ఫ్రిజ్ చప్పుడే తోడు. ఈమధ్యే అక్షరాలు నేర్చుకున్నాను కదా, ఊరగాయ సీసా మీద తెలుగు రాతల దాకా కూడబలుక్కుని చదివేశాను. అవీ అయిపోయాయి!

అలాంటప్పుడు పక్కింటి డారెన్ కుక్కని తెచ్చుకున్నాడు. పేరు మ్యాగీ. అతను పనికి వెళ్ళగానే దడి అవతల ఒకటే మొరుగుడు.

"దీంతో ఛస్తున్నాను అత్తయ్యగారూ! కౌన్సిల్‌కి కంప్లైంట్ ఇచ్చేస్తా," అన్నారు అల్లుడుగారు.

కౌన్సిల్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ. నా బెంగ నాది. దడిలో ఒక చెక్క వదులుగా ఉంది లెండి. రోజూ మధ్యాహ్నం దాన్ని పక్కకి జరిపి మ్యాగీకి పెరుగన్నం ముద్ద పెడుతున్నాను. అది నా వేళ్ళు నాకుతుంటే ఊరి కబుర్లన్నీ చెప్పుకునేదాన్ని. కౌన్సిల్ వాళ్ళొస్తే ఆ కాస్తా పోదూ!

మేఘన చదివేది లా. చట్టాన్ని ఎకనామిక్స్ కళ్ళతో చూసే సబ్జెక్టు ఒకటుందట.

"డాడీ, వెయిట్! కౌన్సిల్ ఎందుకు? మాట్లాడుకుని సెటిల్ చేసుకుంటే అందరికీ చీప్. నష్టం ఎప్పుడూ ఒక్కరి వల్లే రాదు. ఎవరు ఈజీగా ఆపగలరో వాళ్ళు ఆపాలి. దట్స్ ఇట్!"

"ఎంత చక్కని చట్టమే తల్లీ!" అన్నాను. అది నా మెడకే చుట్టుకుంటుందని తెలిస్తేగా!

శనివారం అందరం డారెన్ పెరట్లో నిలబడ్డాం. పాపం, మంచివాడు. సారీ చెప్పి, పగలు మ్యాగీని వాళ్ళ చెల్లెలింట్లో వదిలేస్తానన్నాడట. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం ఆ వదులు చెక్క వైపే చూస్తున్నాను.

అంతలో ఇంట్లోంచి మ్యాగీ దూసుకొచ్చింది. యజమాని వైపు చూస్తేనా! ముందు కాళ్ళు నా పొట్ట మీద పెట్టి, కొంగంతా వాసన చూసింది. ఉత్త చేతులు! తిన్నగా దడి దగ్గరికెళ్ళి కూర్చుంది. నన్ను చూసింది, చెక్కని చూసింది, మళ్ళీ నన్ను చూసి ఒకటే మొరుగుడు! ఆ చెక్క నిండా ఎండిపోయిన మెతుకులు.

"అత్తయ్యగారూ... మీరా?"

మేఘన పడీ పడీ నవ్వింది. "అమ్మమ్మా! అది నీ లంచ్ కోసం మొరుగుతోంది! ఈజీగా ఆపగలిగేది నువ్వే. పెట్టడం మానేస్తే చాలు."

"నాకా ఈజీ?" అనేశాను. దడి దగ్గరికెళ్ళి మ్యాగీ తల నిమిరాను.

మేఘన నవ్వు ఆపేసింది. డారెన్‌తో ఏదో ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. అతను నా వైపు ఓసారి చూసి, "నో వరీస్" అంటూ వంగి, ఆ చెక్కనీ దాని పక్క చెక్కనీ ఊడబీకి అవతల పెట్టేశాడు.

ఇప్పుడు మ్యాగీ పగలంతా మా వెనక వరండాలోనే. ఒక్క మొరుగు లేదు. నిన్న మాత్రం అల్లుడుగారు తలుపు తీసి, "అత్తయ్యగారూ, కాస్త మెల్లగా... మీటింగ్‌లో ఉన్నాను," అన్నారు.

కుక్క మొరిగితే చెప్పుకోవడానికి కౌన్సిల్ ఉంది. అత్తగారి కబుర్లకి ఎక్కడికెళ్తారు, పాపం!