సాయవ్వ సంచి

పక్కింటి సాయవ్వ ఏటా ఆషాఢంలో రుద్రూర్ నుంచి పండరిపురం నడిచి పోయేది. ఈసారి ఆమె ఆయాసం చూసి తోటి భక్తులు వెంట రానివ్వలేదు. ఒక్కతే పోతానంది. బరువు మోయలేదు కాబట్టి సంచి సర్దడానికి నన్ను పిలిచింది.

రాగి చెంబు తీసేసి ప్లాస్టిక్ సీసా పెట్టాను. గొంగడి బదులు, నాట్లేసేటప్పుడు వానకు తల మీంచి కప్పుకునే ఖాళీ యూరియా బస్తా మడిచి పెట్టాను. ఆమె సంచి భుజానికేసుకొని వాకిలి దాకా నడిచి, రొప్పుతూ వచ్చి కూర్చుంది.

“ఇంక తియ్యి, పోరీ.”

“అటుకులు, మందులు, నీ చీరనే ఉన్నయి అవ్వా. ఇగ తియ్యాలంటె నిన్నే తియ్యాలె.”

నవ్వబోయి దగ్గింది. అడుగునున్న కొత్త చీరను తనే బయటికి లాగింది. చంద్రభాగ నదిలో స్నానం చేసి, దర్శనానికి కట్టుకునే చీర అది.

“మరి తానం చేసినంక ఏం కట్టుకుంటవ్?”

“గక్కడిదాంక పోతె గద, బిడ్డా.”

“గట్లయితె పోవుడెందుకు?”

“ఇంట్ల కూసుంటె ఆయాసం పోతదా?”

సంచి మూతి కట్టేశాను. తెల్లారి ఆమె బయలుదేరితే గుమ్మంలో నిలబడి చూశాను. చెరుకు తోటల పక్కన కాలువ మలుపు కూడా దాటలేదు, సంచి దించి గట్టు మీద కూలబడింది.