మీసం ఏ వైపు కూర్చోవాలి?

మా హిందీ సారు కురుమూర్తికి ఊళ్లో ఎవరికీ లేనంత మీసం ఉండేది. హిందీ చదవడం, రాయడం కూడా బాగానే వచ్చు. ఏ వస్తువు ఆడదో, ఏది మగదో చెప్పాల్సి వచ్చినప్పుడే చెమటలు పట్టేవి. తెలుగులో ఆ బాధ లేదు. బిందె అయినా అది, గోడ అయినా అది. ఆ మాటకొస్తే ఇంట్లో మా ఆడపిల్లల్ని అనేదీ 'అది' అనే. హిందీలో మాత్రం చెంచా కూడా మగవాడే.

2005లో నేను తెలకపల్లి దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి. సారు వంటగది సామాను తెచ్చి, ఆడ వస్తువులను నేల మీద మా ఆడపిల్లల వైపు, మగ వస్తువులను మగపిల్లల వైపు కూర్చోబెట్టేవాడు. బకెట్ మా పక్కన, చెంబు వాళ్ల పక్కన.

అసలు గుట్టు పొయ్యి దగ్గర ఉండేది. మధ్యాహ్న భోజనం వండే సత్యమ్మ పదేళ్లు పుణెలో తట్టలు మోసి, హిందీ పట్టుకొచ్చిన మనిషి. సారు పప్పు రుచి చూసే నెపంతో వెళ్లి ఆమెను అడిగేవాడు.

"గీ బకెట్ ఆడదెట్లయింది సత్యమ్మా?"

"నాకేం తెల్సు సార్. పుణెల అందరు గట్లనే అంటరు."

అది రాసుకొచ్చి మా ముందు పండితుడైపోయేవాడు. సత్యమ్మ కిటికీ బయట నిలబడి నవ్వుకునేది. పెద్దసారుకు అది గిట్టేది కాదు. "మళ్ల క్లాసు కాడ కనబడితే వంట వేరేటోళ్లకు ఇస్త" అని బెదిరించాడు. మొగుడు పోయిన ఆమెకు ఆ వంటే ఆధారం.

ఒకరోజు తనిఖీకి అధికారి వచ్చాడు. సామాను వరస చూసి మెచ్చుకుని, నవ్వుతూ సారు మీసం చూపించాడు. "మరి ఇది ఏ వైపు కూర్చుంటుంది?"

సారు కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి సత్యమ్మ గంటె మా ఆడపిల్లల వైపు ఊపింది. పెద్దసారు చూడనే చూశాడు.

"వంటామె సార్. రేపటి సంది రాదు" అన్నాడు అధికారితో.

కురుమూర్తి సారు మీసం మీద చెయ్యేసుకుని అధికారి ముందుకొచ్చాడు.

"ఆమెను తీసేస్తే నన్ను గూడ తీసెయ్యాలె సార్. నాకు తెల్వదు. రెండేండ్ల సంది ఆమె చెప్తేనే నేను చెప్తున్న."

ఎవరమూ నవ్వలేదు. సారు మీద నాకు అంత ప్రేమ ముందెన్నడూ కలగలేదు. అధికారి సత్యమ్మను లోపలికి పిలిచి పేరు అడిగాడు. "ఈమె ఇక్కడే ఉండాలి" అని పెద్దసారుతో గట్టిగా చెప్పి వెళ్లాడు.

మర్నాడు సారు పప్పు రుచి చూడ్డానికి పోలేదు. సత్యమ్మను క్లాసుకే పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నోటుబుక్కు తీసుకుని, మా ఆడపిల్లల వరసలో కింద కూర్చున్నాడు.

మేం జరిగి చోటిచ్చాం.

"మీసం గీడనే కదా కూసోవాల్సింది" అన్నాడు.