మూరెడు పేగు

పోయిన మా ఇంటాయన దేన్నయినా మూర పెట్టే కొలిచేవాడు. సిరిసిల్లలో సాంచె మీద బట్ట నేసిన చెయ్యి మరి. తలుపుకైనా, పుట్టిన బిడ్డకైనా మోచెయ్యి ఆనించి చూడాల్సిందే.

ఆయన పేగుకు ఏండ్లనాటి వాపు. మందులతో నొప్పి తగ్గింది. అయినా జగిత్యాల డాక్టరు స్కానింగుకు రమ్మన్నాడు.

"జర ఇనుండ్రి. నొప్పి తగ్గినా లోపల పేగు చెడుతనే ఉంటది. ఎంత చెడిపోయిందో అప్పుడప్పుడు కొలవాలె."

బయటికొచ్చి ఆయన నవ్వాడు. "నొప్పే లేనిదాన్ని ఏం కొలుస్తడే? సాంచె మంచిగ నడుస్తుంటె ఎవలన్న ఇప్పి చూస్తరా?"

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె. బస్సులు లేవు. బస్సులు మళ్లీ తిరిగిన రోజే ఆయన్ని అడిగాను.

"డాక్టర్ రమ్మన్నడు గదా, పోదాం పా."

"తెలంగాణ రానియ్యే. గప్పుడు కొలిపిచ్చుకుంట."

తెలంగాణ వచ్చింది. వాడకట్టంతా గులాలు చల్లుకుంటున్న నాడే ఆయన కడుపు పట్టుకుని కూలబడ్డాడు. స్కానింగు చూసిన డాక్టరు, "పేగు చానామట్టుకు మూసుకపోయింది, కొయ్యాలె" అన్నాడు.

ఆయన మంచం మీద నుంచే మోచెయ్యి ఎత్తి చూపించాడు.

"గింతన్న మిగులుతదా సారూ?"

డాక్టరు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఎంతకీ దించకపోతే, నేనే పట్టుకుని దించాను.