నూట పన్నెండో నంబరు చెట్టు

సినిమాలకు చెట్లు చేయడం నా పని. ఇనుప చువ్వల మీద ఫైబర్ పోసి, బెరడు గీసి, రంగు కొడితే పిట్టలు కూడా మోసపోయి వాలేవి. ముప్పయ్యేళ్లు నా చెట్ల కింద హీరోలు ప్రేమించుకున్నారు, విలన్లు చచ్చారు. చెట్టు బాగుందన్న మారాజు ఒక్కడూ లేడు.

కృష్ణానగర్‌లో మా గది. ఒక ఏడు నా భార్యకు పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడ్చి నడవాల్సి వచ్చింది. రోజూ నడిపించమన్నాడు డాక్టరు. మా సందులో ఆటోలు, బైకులు మంచి కాళ్లున్న మనిషినే నిలవనీయవు, ఇక ఆమెను ఎక్కడ నడిపించను? జూబ్లీహిల్స్ కొండ మీది అడవిలో మెత్తటి మట్టి బాట ఉంది. మెట్లు లేవు, టికెట్టూ లేదు. అక్కడ మొదట పది అడుగులు వేసింది. ఆర్నెల్లకు నన్ను పట్టుకుని పెద్ద బండ దాకా వెళ్లేది. "ఈడికొస్తేనే నాకు కాలున్నదని యాదికొస్తది" అనేది.

సరిగ్గా ఆ బాట మీదుగానే రోడ్డు వేస్తామని నోటీసు అంటించారు. కొట్టేయబోయే చెట్లకు తెల్లరంగుతో నంబర్లు వేశారు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. "తొవ్వ పోతే ఇగ నేను మంచంలనే. నువ్వు చూస్కుంట కూసుంటవా?" అంది. నాకు ఒళ్లు మండింది, నా చేతగానితనం మీద.

మర్నాడు ఆ నంబర్లు చూస్తూ వెళ్తుంటే నూట పన్నెండు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. అది నా చెట్టు! ఎప్పుడో ఒక పాట కోసం చేసిన మద్దిమాను. షూటింగ్ అయ్యాక సెట్టు విప్పి తీసుకుపోవాలని రూలు. లారీ రాలేదు, నేనూ బద్ధకించాను. తర్వాత తిప్పతీగ పైకెక్కి దాన్ని పచ్చగా కమ్మేయడంతో ఇన్నాళ్లూ నేనే ఆనవాలు పట్టలేదు; నంబరు వేయడానికి తీగ కాస్త తప్పించేసరికి నేను గీసిన బెరడు కనిపించింది. నంబరు రాసిన మహానుభావుడు వేలితో తట్టినా డొల్లని తెలిసేది.

నిజం చెబితే అడవిలో సెట్టు వదిలిన తప్పు నా నెత్తికొస్తుంది, యూనియన్ కార్డు పోవచ్చు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు ఉంటుందేమోనని గుంజాటన పడ్డాను. "కార్డు పోతే పోనీ. నా నడక పోతే ఎవరు తెచ్చిస్తరు?" అంది ఆమె. ఇక ఆగలేదు.

ప్రజల అభిప్రాయాలు వినే సభకు వెళ్లాను. బంగళాల వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడారు, అధికారి గడియారం చూసుకున్నాడు. నా వంతు రాగానే, "సార్, జర నూట పన్నెండు సదువుండ్రి" అన్నాను.

ఆయన జాబితా తిరగేసి చదివాడు. "మద్ది. వయసు సుమారు నలభై ఏళ్లు. ఆరోగ్యంగా ఉంది. వేళ్లతో సహా తీసి వేరేచోట నాటవచ్చు."

"దానికి వేర్లు లేవు సార్. నాలుగు బోల్టులున్నయి. నేనే బిగించిన."

హాలంతా ఘొల్లుమంది. ఆయన నమ్మక అందరినీ వెంటబెట్టుకుని కొండెక్కాడు. నేను తీగ పక్కకు తీసి గుద్దితే మాను ఖాళీ డబ్బాలా మోగింది. ఆయనా ఒకసారి గుద్ది చూసుకున్నాడు. ఫైబరును పోల్చుకోలేనివాళ్లు అసలు చెట్లను ఏం చూశారని జనం నిలదీశారు. లెక్క మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. ఈసారి మేమూ వెంట నడిచాం. ఉత్త తుప్పలని రాసిన చోట మోదుగలు, వేపలు, సీతాఫలం చెట్లు గుంపులుగా బయటపడ్డాయి. వానాకాలం వెళ్లేలోగా రోడ్డును కొండకు దూరంగా మళ్లించారు. గెలిచాం! చెట్లు చేసి బతికినవాణ్ణి, చెట్లను బతికించాను.

నా కార్డు జోలికి ఎవరూ రాలేదు. నా చెట్టును నేనే విప్పి మోసుకుపోవాలని మాత్రం ఆర్డరు వేశారు. పానా తీసుకుని వెళ్తుంటే ఆమె కూడా వచ్చింది. బోల్టులు విప్పి, మానును భుజానికెత్తుకుని, రెండు చేతులా పట్టుకుని ఆయాసపడుతూ నడిచాను. పది అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది.

"ఎంతసేపయ్యా? జల్ది రా!" అని కేక వినిపించింది.

తలెత్తి చూశాను. ఆమె అప్పటికే అడవి గేటు దగ్గరుంది. ఎవరి ఆసరా లేకుండా అంతదూరం నడిచినట్టు తనకింకా తట్టలేదు.